కోత తరువాతి నొప్పి

పరిశుద్ధ గ్రంథములో కోత తరువాతి నొప్పినిగూర్చి రెండు తావుల ప్రస్తావన కలదు. రెండును సున్నతికి సంబంధించినవే. ఆదికాండము 34వ అధ్యాయములో షెకెము ఊరి పురుషులందరు సున్నతి పొందిరి. మూడవనాటికి వారింకను బాధలో పడియున్నారని యెరిగి, యాకోబు కుమారులైన షిమ్యోనును లేవియు కత్తులు చేతపట్టుకొని ఊరిమీద పడి వారిని హతము చేసిరి. యెహోషువ 5వ అధ్యాయములో గిల్గాలునొద్ద ఇశ్రాయేలు పురుషులు సున్నతి పొందిరి. ఎదుట యెరికో కోట యున్నది, జయింపవలసిన దేశమంతయు ముందున్నది. అయినను వారు బాగుపడువరకు జనమంతయు పాళెములోనే నిలిచిపోయెను. నొప్పి రెండుచోట్లను ఒక్కటే. దానిని కనిపెట్టినవారు ఒకచోట అదను చూచుకొనిరి, మరియొకచోట ఆగిరి.

చదువరులారా, ఈ అధ్యాయములను జ్ఞాపకము చేయుటకు కారణము మన సంఘములలో నేను తరచుగా వినుచున్న ఒక ప్రశ్న. జ్యోతినగర్, గోదావరిఖని, రామగుండము, వీటి చుట్టునున్న పల్లెలు కలిసిన ఈ బొగ్గుగనుల సీమలో, ఒంటిమీద కుట్ల మచ్చ గలవారు ఒక్కరైనను లేని యిల్లు అరుదు. బాయిలో బరువులు మోసినవానికి హెర్నియా, బండ పడినవానికి కాలిలో రాడ్డు, స్త్రీలకు కాన్పు కోత, గర్భసంచి ఆపరేషన్. ఆపరేషన్ చేయించుకొనుటను మనలో ఎవరును అవిశ్వాసమనరు. ప్రార్థన చేయించుకొనియే పోవుదురు. అయితే కోత అయి యింటికి వచ్చిన తరువాత నొప్పికి గోలి వేసికొనుట మాత్రము కొందరికి బలహీనతగాను, కొందరికి విశ్వాసలోపముగాను తోచుచున్నది. మత్తిచ్చి కోయుటను ఒప్పుకొన్నవారు, మత్తు దిగిన తరువాతి నొప్పిని తీయుటకు సందేహించుట వింత గదా!

భూగర్భ గనిలో ముప్పది ఏండ్లు పని చేసి దిగిపోయిన ఒక పెద్దమనిషిని హెర్నియా ఆపరేషన్ తరువాత చూడబోతిని. ఆయన మంచముమీద వెల్లకిల పండుకొని నాతో సంతోషముగానే మాటలాడెను. "అయ్యగారూ, ఇచ్చిన గోలీలు అట్లనే ఉన్నయి, ఒక్కటి గూడ మింగలే. సిలువకాడ ప్రభువుకు బోళం కలిపిన రసం ఇస్తే తాగలేదు గద. ఆయన తాగంది నేనెందుకు తాగాలె?" అని యడిగెను. ఇది తెలియనివాని మాట కాదు. మార్కు సువార్త చదివి, దానిని తన దేహముమీద నిలబెట్టుకొన చూచినవాని మాట. అయితే నేను లేచి వచ్చుచుండగా ఆయన కోడలు వాకిట నిలిచి మెల్లగా మరియొక సంగతి చెప్పెను. "మా మామ దగ్గుతలేడు అయ్యగారూ. దగ్గొస్తే కడుపు బట్టుకొని ఆపుకుంటుండు. లేచి నాలుగడుగులు ఎయ్యుమంటే ఎయ్యడు."

ఆ కోడలు చెప్పినదానిలోనే అసలు విషయమున్నది. ముప్పది ఏండ్లు బొగ్గు దుమ్ము పీల్చిన రొమ్ము అది. కడుపుమీద కోత పడినవాడు నొప్పికి భయపడి దగ్గడు, నిండుగా ఊపిరి తీయడు, మంచము దిగడు. దగ్గనివాని ఊపిరితిత్తులలో తెమడ నిలిచిపోవును, నిలిచినచోట న్యుమోనియా పుట్టును. కదలనివాని కాలి నరములలో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు ఎక్కిన ప్రాణాపాయము. ఆ పెద్దమనిషికి నాల్గవనాడు జ్వరము తగిలెను. మరల ఆసుపత్రికి తీసికొనిపోగా, అచ్చటి వైద్యుడు మందులతోబాటు వేళప్రకారము నొప్పి గోలీలు వేయించి, దిండు కడుపునకు అదిమి పట్టుకొని దగ్గుమని నేర్పించెను. దేవుని కృపవలన ఆయన కోలుకొనెను. అయితే ఆయన వేసిన ప్రశ్న కోలుకొనుటతో తీరిపోవునది కాదు. దానికి వాక్యములోనుండియే జవాబు వెదకవలెను.

గొల్గొతాలో ప్రభువునకు ఇయ్యజూపిన ఆ రసమేమి? సిలువ వేయబడువారి స్పృహ మందగించుటకు ఇచ్చునది. మరణశిక్ష పొందినవారికి యెరూషలేములోని దయగల స్త్రీలు సాంబ్రాణి కలిపిన ద్రాక్షారసము ఇచ్చుచుండిరని యూదుల తల్మూదు గ్రంథములో వ్రాయబడియున్నది. సామెతలు 31వ అధ్యాయములో నశించుచున్నవానికి మద్యమిమ్మని చెప్పిన మాటయే ఆ వాడుకకు ఆధారమట. ప్రభువు దానిని పుచ్చుకొనలేదు. ఆయన చేయవలసిన కార్యము ఒకటి యుండెను. దానిని తెలివితో చేయగోరెను. అది ఆయనకు మాత్రమే చెందిన కార్యము. హెర్నియా కుట్లమీద మనము పడు నొప్పివలన ఎవని పాపమును పరిహారము కాదు. ఇంకను చూడుడి. ఆ రసము తెచ్చినవారిని ఆయన గద్దింపలేదు. కడపట దాహమైనప్పుడు అందించిన పులిసిన రసమును పుచ్చుకొనెనని యోహాను వ్రాయుచున్నాడు. నాలుగు సువార్తలలోను రోగితో "నీ నొప్పి నీకు మేలు, దానిని ఉంచుకొనుము" అని ఆయన చెప్పినట్లు ఒక్క తావునను లేదు. దొంగల చేతిలో కొట్టబడినవాని గాయములలో నూనెయు ద్రాక్షారసమును పోసిన సమరయుని ఆయన మెచ్చుకొనెను. గాయపడినవాడు ఓర్చుకొనియుండునా లేదా యని ఆ సమరయుడు పరీక్షింపలేదు.

ఒకడు తన నొప్పిని తానై మోయ నిశ్చయించుకొన్నయెడల దానిని నేను ఎగతాళి చేయను. తన కార్యము తనకు తెలిసియుండవచ్చును. అయితే ఆ నిశ్చయమును మరియొకని మంచముమీదికి మోయుటకు ఎవనికిని అధికారము లేదు. మన యిండ్లలో జరుగుచున్నది తరచుగా ఈ రెండవదే, ముఖ్యముగా స్త్రీల విషయములో.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూరు కాన్పులలో 60.7 ఆపరేషన్ కాన్పులు. దేశములో మరి ఏ రాష్ట్రములోను ఇంత లేదు. ఇన్ని కోతలు అవసరమా యనునది వేరుగా అడుగవలసిన ప్రశ్న. కోత పడిన తల్లి సంగతి మాత్రము చూతము. ఆమె కడుపును పొరలు పొరలుగా కోసి కుట్టియున్నారు. రెండవనాడే లేచి కూర్చుండవలెను, బిడ్డను ఒడిలో పెట్టుకొని పాలియ్యవలెను, రాత్రి నాలుగైదు మారులు లేవవలెను. ఆమె నొప్పి అని మూలిగినప్పుడు వచ్చు జవాబు, "మేము కనలేదా, మేము ఓర్చుకోలేదా?" అని. మరియొక భయము, గోలి మింగిన పాలు చెడునని. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ అను రెండు మందులను పాలిచ్చు తల్లులు వైద్యుడు చెప్పిన మోతాదులో వాడవచ్చునని వైద్యశాస్త్రము ఏనాడో తేల్చియున్నది. కూర్చుండలేని తల్లి బిడ్డకు చక్కగా పాలియ్యలేదు. ఆమె నొప్పి తగ్గుట బిడ్డకు ఆహారము.

హవ్వతో దేవుడు పలికిన మాటను ఆదికాండము 3వ అధ్యాయమునుండి ఎత్తి చూపువారును కలరు. ఈ వాదము క్రొత్తది కాదు. 1847 నవంబరులో ఎడింబరో పట్టణమునందు జేమ్స్ సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమ్ వాసన చూపి కాన్పు నొప్పులను తగ్గించుట మొదలుపెట్టెను. మతసంబంధమైన ఆక్షేపణలు రాగలవని యెంచి, ఆ సంవత్సరము డిసెంబరులోనే ఆయన ఒక చిన్న పుస్తకము ప్రచురించి జవాబిచ్చెను. ఆదాము ప్రక్కటెముకను తీయకమునుపు దేవుడు అతనికి గాఢనిద్ర కలుగజేసెను గదా, మొదటి శస్త్రచికిత్స నొప్పి లేకుండనే జరిగెను గదా యని ఆయన చూపెను. నేలమీద ముండ్లు మొలచునని, చెమటోడ్చి తినవలెనని ఆదాముతోను చెప్పబడినది. ఆ మాటనుబట్టి ఎవడు కలుపు తీయుట మానెను, ఎవడు ఎద్దులను విడిచెను? బొగ్గును తలమీది తట్టలో మోసిన కాలము పోయి బెల్టుమీద పంపు కాలము వచ్చినప్పుడు, చెమట తగ్గెనని మన పురుషులలో ఎవడును శాపభంగమని దుఃఖింపలేదు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పు సమయమున జాన్ స్నో అను వైద్యునిచేత క్లోరోఫారమ్ ఇప్పించుకొనిన తరువాత ఇంగ్లండులో ఆ ఆక్షేపణలు చాలవరకు చల్లారెను.

ఈ కథలో మన తెలంగాణకును పాలున్నది. హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అను శస్త్రవైద్యుని పూనికతోను, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ధనసహాయముతోను, క్లోరోఫారమ్ ఏ విధముగా ప్రాణము తీయునో తేల్చుటకు 1888లోను 1889లోను రెండు కమిషన్లు కూర్చుండెను. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అను పండితుడు వచ్చెను. వారి తీర్పు సంపూర్ణము కాదని తరువాతి పరిశోధనలు చూపెను, అది వేరు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపా బాయి ఫర్దూన్‌జీ అను పార్సీ స్త్రీ ఆ కాలముననే మత్తుమందిచ్చు వృత్తిలో ప్రవేశించి, ఆ పని చేసిన తొలి స్త్రీలలో నొకతెగా పేరుపొందెను. నొప్పి తీయుట పరదేశపు నాగరికత అని తలంచువారు ఈ సంగతి యెరుగుట మంచిది.

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్నలోని గట్టి భాగమునకు వత్తము. తెలివి మందగింపకుండుట మంచిదే. పేతురు తన పత్రికలో మెలకువగా నుండుడని మాటిమాటికి హెచ్చరించుచున్నాడు. నొప్పి మందు అనగానే మన జనులు మత్తు అని, అలవాటు అని అనుకొందురు. నల్లమందునుండి వచ్చిన మార్ఫిన్‌కును, దానిని పోలి మనుష్యులు తయారుచేసిన ట్రమడాల్, ఫెంటానిల్ మొదలైనవాటికిని ఆ భయము తగును. అవి మెదడులో పనిచేసి నొప్పిని అణచును, దానితోబాటు మగత, వాంతి, మలబద్ధకము తెచ్చును. మోతాదు మించిన ఊపిరిని మందగింపజేయును. దీర్ఘకాలము వాడిన విడువరాని సంకెల యగును. అయితే కోత తరువాత వైద్యులు ముందుగా చేపట్టవలసిన మందులు ఈ జాతివి కావు. గాయపడిన కండలో ప్రోస్టాగ్లాండిన్‌లు అను పదార్థములు పుట్టి నరముల కొసలను మండించును. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఆ పదార్థముల పుట్టుకనే తగ్గించును. ఆస్పిరిన్ జాతి మందులు ఈ విధముగా పనిచేయునని 1971లో కనుగొనినందుకు జాన్ వేన్ 1982లో నోబెల్ బహుమానములో పాలుపొందెను. పారాసెటమాల్ ముఖ్యముగా మెదడు వెన్నుపాములలో పనిచేయును, మత్తు మాత్రము కలిగింపదు. కోసినచోటనే తిమ్మిరి సూది వేయుట మరియొక ఉపాయము. ఈ మూడింటిని కలిపి వాడినచో ఒక్కొక్కదానిని తక్కువ మోతాదులో ఇయ్యవచ్చును, మార్ఫిన్ అవసరము చాల తగ్గును, రోగి త్వరగా నడచును. డెన్మార్కు దేశపు శస్త్రవైద్యుడు హెన్రిక్ కేలెట్ మొదలైనవారు 1990లనుండి ఈ పద్ధతిని వ్యాపింపజేసిరి. కాబట్టి తెలివి నిలుపుకొనుటకా, నొప్పి తీర్చుకొనుటకా యని రెంటిలో ఒకటి కోరుకొనవలసిన అవసరము మన పెద్దమనిషికి లేదు. గోలి వేసికొని, వాక్యము చదువుకొనుచు, నిండుగా దగ్గవచ్చును.

అమెరికాలో పిల్లలున్న మన వారు కొందరు అక్కడి భయంకర వార్తలు తెచ్చి చెప్పుచుందురు. అవి నిజమే. 1990లలో వైద్యుల చీటీమీద విరివిగా ఇచ్చిన నల్లమందు జాతి మాత్రలతో మొదలైన ఆ వరద, తరువాత హెరాయిన్‌గాను, దొంగచాటు ఫెంటానిల్‌గాను మారి, ఒక్క 2022లోనే ఎనభై వేలమందికి పైగా ప్రాణములు తీసెను. మన దేశమునకు పట్టినది దీనికి తలక్రిందులైన రోగము. ప్రభుత్వపు అనుమతితో నల్లమందును పండించు దేశము మనది. అయినను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు కట్టుదిట్టములవలన మార్ఫిన్ దొరకక, కాన్సరు రోగులు ఏండ్ల తరబడి అరచుచు చనిపోయిరి. 2014లో ఆ చట్టమును సవరింపవలసి వచ్చెను. నేడు హైదరాబాదులోని ఎమ్.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఇట్టివారికి ఉపశమనము కలిగించు విభాగమే యున్నది. కాబట్టి ఎముక నుజ్జయినవానికి, పెద్ద కోత పడినవానికి మొదటి మందులు చాలనప్పుడు వైద్యుడు కొలిచి ఇచ్చు మార్ఫిన్‌ను పాపమని త్రోసివేయరాదు. కొద్ది దినములు, వైద్యుని కంటి యెదుట వాడుట ఒకటి. చీటీ లేకుండ దుకాణములో కొని వాడుట మరియొకటి.

ఈ రెండు భయముల నడుమ 2025 జనవరి 30న అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ సుజెట్రిజిన్ అను క్రొత్త మందునకు అనుమతి ఇచ్చెను. నొప్పి వార్తను మోయు నరములలో సోడియము ప్రవేశించు చిన్న ద్వారములు కలవు. వాటిలో ఒక జాతి ద్వారమును ఈ మందు మూసివేయును. అది మెదడులో నల్లమందువలె పనిచేయదు గనుక దానివలె అలవాటు కలిగింపదని చెప్పుచున్నారు. పత్రికలు దీనిని అద్భుతమని వ్రాసినవి. నాకు అంత తొందర లేదు. బొటనవేలి ఎముక ఆపరేషన్, పొట్ట చర్మము తీయు ఆపరేషన్ అను రెంటి తరువాత దీనిని పరీక్షించిరి. మందులేని గోలికంటె మేలుగా పనిచేసినది. పారాసెటమాల్ కలిపిన నల్లమందు జాతి గోలికంటె మేలైనదని మాత్రము ఋజువు కాలేదు. వెల ఒక్క గోలికి పదిహేనున్నర డాలర్లు పెట్టిరి, మన లెక్కలో వెయ్యి రూపాయలకు పైమాటే. మన గడపలకు కావలసినది రూపాయి రెండు రూపాయల గోలీని వేళకు ఇచ్చు చెయ్యి.

ఈ క్రొత్త మందు పుట్టుటకు దారిచూపిన పరిశోధనలలో ఒక పసివాని కథ యున్నది. పాకిస్తానులో వీధులలో గారడీ చేయు ఒక బాలుడు పదేండ్ల వయస్సున చేతులలో కత్తులు గుచ్చుకొనుచు నిప్పులమీద నడచెడివాడు. పుట్టుకతోనే వానికి నొప్పి తెలియదు. శాస్త్రజ్ఞులు వానిని పరీక్షించులోపలనే, పదునాలుగేండ్లు నిండకముందే, మిద్దెమీదినుండి దూకి చనిపోయెను. వాని బంధువుల కుటుంబములను పరీక్షించి, ఇట్టి ద్వారములలో మరియొకటి వారిలో పనిచేయుట లేదని 2006లో ప్రకటించిరి. నొప్పి లేకపోవుట ఎంతటి దరిద్రమో మన సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అను మిషనెరీ వైద్యురాలు స్థాపించిన కుష్ఠు ఆసుపత్రిని మన పెద్దలు ఎరుగుదురు. కుష్ఠు సోకిన చేతికి వేడి తెలియదు, కాలికి ముల్లు తెలియదు. తెలియక పుండై, పుండు తెలియక వ్రేళ్లు పోవును. తమిళదేశపు కొల్లి కొండలలో మిషనెరీల కుమారుడుగా 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ అను వైద్యుడు, 1946నుండి వెల్లూరులో ఆ చేతులను బాగుచేయుచు ఈ సత్యమును లోకమునకు చాటెను. తరువాత అమెరికాలో ఆయన, నొప్పి తెలియని చేతికి బదులు నొప్పి కలిగించు యంత్రమును చేయ ప్రయత్నించెను. రోగులు పని అడ్డమైనప్పుడెల్ల దానిని ఆపివేసికొనుచుండిరట! నొప్పి దేవుని వరమని ఆయన వ్రాసినది ఇట్టి అనుభవమునుబట్టియే. అయితే ఆ బ్రాండ్ దొరయే తన చేతి కత్తితో కోసినవారికి మత్తుమందు ఇప్పింపకుండ కోయలేదు.

ఇందులో విరోధము లేదు. నొప్పి వార్త తెచ్చు బంటు. బాయిలో ప్రమాదమైనప్పుడు సైరన్ మ్రోగును, జనులు పరుగెత్తుదురు, దిగవలసినవారు దిగుదురు. అందరును వచ్చి పని జరుగుచున్న తరువాతను ఆ సైరన్ మ్రోగుచునే యున్నయెడల, లోపలినుండి పిలుచు మనిషి కేక కూడ వినబడదు. కోత తరువాతి నొప్పి చాలవరకు ఇట్టిది. గాయమెక్కడనో వైద్యునికి తెలుసు, కోసినవాడు తానే. అప్పుడు దానిని తగ్గించుటవలన పోవు వార్త కొద్దియే. అయినను గోలి వేసినను తగ్గక, దినదినము పెరుగుచున్న నొప్పి, జ్వరము, కుట్లచోట చీము, కాలిపిక్కలో వాపు, ఇవి క్రొత్త వార్తలు. వీటికి గోలి పెంచుట జవాబు కాదు, ఆసుపత్రికి పోవలెను.

మొదటి వార్తనే వినకుండ నోరు మూయుట మన సీమలో జరుగుచున్న మరియొక తప్పిదము. దీనిని చెప్పకుండ గోలిని మాత్రమే పొగడిన నేను సగము సత్యమే చెప్పినవాడనగుదును. నడుము పట్టుకొనిపోయినవాడు ఎందుకు పట్టుకొనెనో చూపించుకొనడు. ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూది, దుకాణములో నాలుగు నొప్పుల గోలీలు, తెల్లవారి మస్టరు. ఏండ్ల తరబడి యిట్లు మింగి, కడుపులో పుండ్లు పడినవారిని, మూత్రపిండములు చెడినవారిని మనము చూచుచునే యున్నాము. డైక్లోఫెనాక్ ఎంత బలమైనదో రాబందుల చరిత్ర చెప్పును. పశువులకు ఆ మందు వేయగా, చచ్చిన పశువును తిని మూత్రపిండములు చెడి, మన దేశపు రాబందులలో కొన్ని జాతులలో నూటికి తొంబదికి పైగా నశించినవి. 2006లో పశువైద్యమున దానిని నిషేధింపవలసి వచ్చెను. షుగరు, బీపీ, మూత్రపిండముల జబ్బు గలవారు, వయసు మీరినవారు ఈ జాతి గోలీలను అడుగకుండ మింగరాదు. పారాసెటమాల్ వీటికంటె నెమ్మది గలదే గాని, దినమునకు నాలుగు గ్రాములు మించినచో కాలేయమును చెరుపును. త్రాగుడు అలవాటున్నవానికి అంతకంటె తక్కువే హద్దు. వేరువేరు పేర్లతో వచ్చిన రెండు మూడు గోలీలలో ఒకే మందు దాగియుండుటయు కలదు. చీటీ చూపి అడుగుడి.

ఇక ఆపరేషన్ అయినవాడు పది దినములకే గోలి బలముతో బరువు మోయుటకు పోవుచున్నాడు. సెలవు అయిపోవునని, జీతము తెగునని. వానిని తొందరపెట్టువారు యింటిలోను ఉందురు, బయటను ఉందురు. గిల్గాలులో ఆగిన జనము యెరికోను పోగొట్టుకొనలేదు. నొప్పి తీసిన మందు కుట్లను అతికింపలేదు. వైద్యుడు చెప్పిన వారములు నిండవలసినదే. బాగుపడుటకు ఇచ్చిన గోలిని, బాగుపడకమునుపే మనిషిని పనికి తోలుటకు వాడువారు ఆగినవారి పక్షమున లేరు, అదను చూచినవారి పక్షముననే యున్నారు. మాట కఠినమే, అయినను నాకు వేరు మాట దొరకలేదు.

అపొస్తలుడైన పౌలు తన శరీరములోని ముల్లునుగూర్చి వ్రాసినదానిని ఓర్పుకు దృష్టాంతముగా మనము ప్రసంగింతుము. కృప చాలునన్న జవాబుతో ఆయన సమాధానపడెను, నిజమే. అంతకుముందు దానిని తీసివేయుమని మూడు మారులు వేడుకొనెను. అడుగకమునుపే ఓర్చుకొమ్మని పౌలుకు చెప్పినవాడు లేడు. తిమోతి కడుపు జబ్బునకు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని సలహా వ్రాసి పంపినవాడును ఆ పౌలే. తీరని నొప్పులు కలవు, వాటికి కృపయే శరణ్యము. తీరు నొప్పిని తీరని నొప్పుల లెక్కలో వేయుటకు ఆ వాక్యమును వాడరాదు.

మన స్త్రీల మైత్రివారు ఆపరేషన్ అయినవారిని చూడబోవునప్పుడు పండ్లు, బ్రెడ్డు కొనిపోవుట వాడుక. దానితోబాటు రెండు సంగతులు అడిగి రావలెనని నా మనవి: దగ్గుచున్నారా, లేచి నడచుచున్నారా యని. మందుల చీటీని చూచి, ఏ గోలి ఎన్ని గంటలకో పెద్ద అక్షరములతో ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటించుడి. నొప్పి బాగుగా ముదిరిన తరువాత వేసిన గోలి ఆలస్యముగా పనిచేయును. వేళకు వేసిన గోలి దానిని ముదరనియ్యదు. మొదటి రెండు మూడు రాత్రులు కష్టము. ఆరు గంటలకొక మారు అన్న మందు రాత్రి ఎనిమిదింటికి వేసినచో, మరల రెండింటికి వేయవలెను. ఆ వేళకు లేపువారెవరని అడుగుడి. ఒంటరిగా నున్న ముసలివారి యింట లేపువారుండరు. మన వాడలో రెండవ షిఫ్టు దిగి వచ్చినవాడు అప్పటికింకను నిద్రపోయి యుండడు. వానితో చెప్పి పెట్టుడి. గోలి, కొంచెము గంజియో రెండు బిస్కెట్లో, గ్లాసెడు నీళ్లు, దగ్గునప్పుడు అదుముకొనుటకు దిండు. ఇంతే కావలసినది.